దీర్ఘం

జూనియర్ బి పోటీలంటే ఫింటన్ హాన్రిక్‌కి ఒళ్లుమంట. ఐర్లండ్‌లో కర్రలతో బంతి కొట్టి ఆడే హర్లింగ్ ఆటకు కౌంటీలో నాలుగు మెట్లు. అన్నిటికన్నా పైన సీనియర్, దాని కింద ఇంటర్మీడియట్, దాని కింద జూనియర్ ఎ. అక్కణ్ణుంచి కూడా జారిపోయినవాళ్లకు జూనియర్ బి. పరుగెత్తలేని పెద్దవాళ్లూ, ఆట రాని కుర్రవాళ్లూ, శనివారం తాగింది ఆదివారానికి దిగనివాళ్లూ కర్రలు పుచ్చుకుని ఒకళ్ల మోకాళ్లు ఒకళ్లు విరగ్గొట్టుకోవడం తప్ప అందులో ఏమీ లేదని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయం ఆయన ఎవరి దగ్గరా దాచుకోలేదు.

కానీ కాసిల్‌రోన్ క్లబ్బుకు కార్యదర్శి అయ్యాక, ఆ క్లబ్బు మూడో జట్టు ఆడే సెమీఫైనల్‌కి కూడా వెళ్లక తప్పదు. అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం కిల్‌డెరిన్ మైదానం అంచున, నల్లగొడుగు కింద, బూట్లకు బురద అంటకుండా ఒక రాయి చూసుకుని నిలబడ్డాడు. మైదానమా అది! ఒకవైపు ఎత్తు, ఒకవైపు పల్లం. గోలు వలకు పడ్డ చిరుగుల్ని గడ్డిమోపులు కట్టే నీలం తాడుతో కుట్టారు. పొద్దున్న వేసిన సున్నపు గీతల్ని వాన కడిగేస్తే, నోనీ ట్రేసీ తోపుడుబండి పెట్టుకుని మళ్లీ గీస్తోంది. నడుం వంచి, పెదవి కొరుక్కుంటూ, ఒక్కో అడుగూ చూసుకుంటూ. కిల్‌డెరిన్ క్లబ్బుకు కార్యదర్శీ ఆవిడే, చొక్కాలు ఉతికేదీ ఆవిడే, సున్నం వేసేదీ ఆవిడే. ఊరు మొత్తం మీద లెక్కపెడితే పదిహేడుగురు ఆటగాళ్లు తేలారు. వచ్చే ఏడాది అంతమంది కూడా ఉండరనీ, పక్క ఊరితో కలిపేస్తారనీ అందరికీ తెలుసు.

సున్నం పని అయ్యాక నోనీ తన పాత వ్యాను బానెట్ మీద కార్బన్ పుస్తకం పెట్టుకుని, తలమీద దాణా గోనె కప్పుకుని, ఆటగాళ్ల పేర్లు రాసింది. పేర్లు ఐరిష్ భాషలోనే రాయాలని నిబంధన. పై కాగితం చింపి రెఫరీకి ఇచ్చింది. రెండోది తెచ్చి ఫింటన్‌కి ఇచ్చింది. మూడోది పుస్తకంలోనే ఉంటుంది.

"ఇదిగోండి మాస్టారూ, మావాళ్లు."

"తడిపేశావు."

"మీవైపు వాన పడటం లేదా మాస్టారూ?"

నలభై ఏళ్లు బడిలో పాఠం చెప్పినవాడికి ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాల్సిన పని లేదు. తన క్లబ్బు జాబితా కంప్యూటర్లో టైపు కొట్టించి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి తెచ్చాడు. అది ఆమె చేతికి రెండు వేళ్లతో అందించాడు.

సగం ఆట అయ్యేసరికి చలి ఎముకల్లోకి దిగింది. కాసిల్‌రోన్ పెద్దలు ముగ్గురు కారులో అద్దాలు ఎత్తేసుకుని ఫ్లాస్కు పంచుకుంటున్నారు. రమ్మని ఎవరూ చెయ్యి ఊపలేదు. నోనీయే ఒక కప్పు టీ పట్టుకొచ్చింది.

"చక్కెర ఒక్క చెంచానే వేశాను. డాక్టరు వద్దన్నాడటగా."

ఈ సంగతి ఈవిడకెలా తెలిసిందని ఆయనకు చిరాకు వేసింది. టీ నీళ్లలా ఉంది. మొత్తం తాగాడు.

చివరి నిమిషానికి ఇద్దరివీ సమానం. కాసిల్‌రోన్ కుర్రాడొకడు గోలుకు పది గజాల దూరంలో ఒంటరిగా నిలబడి బంతిని బలంగా కొట్టాడు. కిల్‌డెరిన్ గోలీ షాన్ గ్రేస్‌కి నలభై ఆరేళ్లు. చొక్కా పొట్టమీద డోలుతోలులా బిగిసిపోయి ఉంటుంది. బంతి వచ్చి సరిగ్గా ఆ పొట్టకే తగిలి కాళ్లదగ్గర పడింది. ఆపడమంటారా దాన్ని? అడ్డం ఉండటం అంటారు. కానీ ఆ మనిషి వంగి, బంతిని కర్రమీదికి ఎత్తుకుని, ఒక్క దెబ్బ కొట్టాడు. అది మైదానం దాటినంత పని చేసింది. అవతల ఎవడో అందుకుని గోలు స్తంభాల మధ్య నుంచి అడ్డకర్ర మీదుగా పంపాడు. తెల్లకోటు వేసుకున్న అంపైరు తెల్ల జెండా ఎత్తాడు. ఒక్క పాయింటు. ఆట ముగిసిన ఈల.

నలభై మంది జనం నాలుగు వందల మందిలా అరిచారు. నలభై ఏళ్లుగా ఫైనల్ మొహం చూడని ఊరు. నోనీ మాత్రం అరవలేదు. సున్నం బస్తా మీద కూలబడి, తెల్లటి చేతులతో మొహం కప్పుకుంది. చేతులు తీసేసరికి మొహం కూడా తెల్లగా అయింది. షాన్ గ్రేస్ అది చూసి నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు.

"జూనియర్ బి," అనుకున్నాడు ఫింటన్. గొడుగు దులిపి మడిచాడు.

ఇంటికెళ్లి బల్లదీపం కింద ఆ కాగితం పరిచాడు. నోనీ ఐరిష్ ఎంత బాగా తగలడిందో చూసి నవ్వుకుందామని తప్ప అప్పటికింకా వేరే ఉద్దేశం లేదు. అప్పుడు కనపడింది. అక్షరాల మీద గీతలు లేవు. ఐరిష్‌లో దీర్ఘానికి గుర్తు అక్షరం నెత్తిన ఒక చిన్న వాలుగీత. అది ఉంటే ఒక మాట, లేకపోతే ఇంకో మాట. షాన్ అని రాయాలంటే గీత ఉండాలి. గీత తీసేస్తే అది షన్ అవుతుంది. షన్ అంటే ముసలి. ఆయన ఎర్ర పెన్ను మూత తీసి, అలవాటు ప్రకారం ముందు పక్కన చుక్క పెట్టి, తర్వాత సున్నా చుట్టాడు. ఒకటి. రెండు. పదకొండు. పదిహేను పేర్లలో పదకొండు పేర్లకు దీర్ఘం లేదు.

నోనీ ట్రేసీకి దీర్ఘాలు రావని ఆయనకు ఆమె అయిదో తరగతి నుంచీ తెలుసు.

నిబంధనల పుస్తకంలో ఆ పేజీ తెరవడానికి ఆయనకు విషయసూచిక అక్కర్లేదు. పేర్లు సరైన ఐరిష్‌లో లేని జట్టు గెలుపు చెల్లదని అభ్యంతరం పెట్టుకోవచ్చు. ఇదివరకు ఇలాంటి వాటిమీద ఫలితాలు తారుమారయ్యాయి కూడా. సోమవారం పొద్దున్నే కాసిల్‌రోన్ క్లబ్బు అధ్యక్షుడు గెర్ ప్రెండివిల్‌కి ఫోన్ చేశాడు. ప్రెండివిల్‌కి కార్ల షోరూము ఉంది. కార్ల గురించి తప్ప దేని గురించీ పూర్తి వాక్యం మాట్లాడడు.

"గీతలా? ఏం గీతలు ఫింటన్?"

"దీర్ఘాలు."

"ఓహో. పోటీలోంచి కొట్టేస్తారా వాళ్లని?"

"కొట్టేయాలి. నిబంధన."

"అయితే పెట్టెయ్. కిల్‌డెరిన్ చేతిలో ఓడామని షోరూముకొచ్చిన ప్రతివాడూ నవ్వుతున్నాడు."

ఫింటన్ నాలుగు పేజీల అభ్యంతరం తన అందమైన దస్తూరీలో, ఒక్క దీర్ఘం కూడా తప్పకుండా రాసి, స్వయంగా తీసుకెళ్లి కౌంటీ బోర్డు కార్యాలయంలో ఇచ్చాడు. బుధవారం సాయంత్రం ఏడింటికి విచారణ అన్నారు.

మంగళవారం మధ్యాహ్నం ఆయన ఎప్పటిలాగే పశువుల సంత క్యాంటీన్‌లో భోజనానికి వెళ్లాడు. మానేస్తే తప్పు చేసినవాడిలా ఉంటుంది. ఆ క్యాంటీన్‌లో వడ్డించేది నోనీ. లోపలికి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. తర్వాత ఒక్కసారిగా మొదలయ్యాయి.

"జాగ్రత్తరా, మాస్టారొచ్చారు. ఎవడి టోపీ వంకరగా ఉందో సర్దుకోండి."

"టోపీ కాదురా, గీత. నెత్తిన గీత లేనివాడు బయటికి పోవాల్సిందే."

"మా ఆవుకి చెవిలో బిళ్ల ఉంది కానీ గీత లేదు. దాన్నీ పోటీనుంచి తీసేస్తారా మాస్టారూ?"

ఫింటన్ పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడ్డాడు. వీళ్లకు నిబంధన అంటే పోలీసువాడు కనపడ్డప్పుడు వేసుకునే సీటు బెల్టు. వీళ్లతో వాదించడం కూడా ఒక రకంగా వీళ్లను గౌరవించడమే. ఆయనకు ఆ ఉద్దేశం లేదు.

షాన్ గ్రేస్ మూల బల్లమీద కూర్చుని ఉన్నాడు. పశువుల లారీ నడుపుతాడు. చొక్కా గుండీల మధ్య నుంచి పొట్టమీద బంతి తగిలిన చోట వంకాయ రంగులో కమిలిన మచ్చ కనపడుతోంది.

"మాస్టారూ, ఒక్క సందేహం," అన్నాడు, తినడం మధ్యలో ఆపి చెంచా పైకెత్తి, బళ్లో చెయ్యెత్తినట్టు. "గీత లేకపోతే నా పేరు ఏమవుతుంది?"

"ముసలి అవుతుంది."

క్యాంటీన్ నవ్వులతో ఎగిరిపోయింది.

"అయితే తప్పెక్కడుందిరా!" అని ఎవడో బల్ల గుద్దాడు. "నోనీ, నువ్వు సరిగ్గానే రాశావే! ఉన్నది ఉన్నట్టే రాశావు!"

"మాస్టారు ఒప్పేసుకున్నారు! ముసలి అంట!"

షాన్ కూడా నవ్వాడు. నవ్వితే కడుపు నొప్పి పుట్టి ఆపుకున్నాడు. ఫింటన్ మాత్రం నవ్వలేదు. వరుసలో తన వంతు వచ్చింది. ఈవిడ ఇప్పుడేం చేస్తుందో చూడాలనుకున్నాడు. పళ్లెం విసురుతుందా, అయిపోయిందంటుందా? నోనీ బేకన్ ముక్క మీద గట్టిపడ్డ అంచు కత్తితో తీసేసి, మెత్తటి భాగం వేసింది. రెండేళ్లుగా అలాగే వేస్తోంది. కింది పళ్లు పోయిన సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. క్యాబేజీ వేసింది. బంగాళాదుంపలు రెండు వేసి, ఒక్క క్షణం ఆగి మూడోది వేసింది.

"దీన్ని లంచం అంటారు," అన్నాడాయన.

"దీన్ని మంగళవారం అంటారు మాస్టారూ. మంగళవారం మూడు దుంపలు తింటారు మీరు." గరిటె పక్కన పెట్టి, గొంతు తగ్గించింది. "అయిదో తరగతిలో నాచేత పేజీ నిండా గీతలు పెట్టించారు, గుర్తుందా? కింది నుంచి పైకి, కుడివైపుకి. వేలు కాయకాసింది. మర్చిపోతానా? నేను పెట్టాను మాస్టారూ. నాకు తెలుసు పెట్టానని."

"కాగితం మీద లేవు."

"నేను పెట్టాను."

ఆయన పళ్లెం తీసుకుని వెళ్లి కిటికీ దగ్గర కూర్చున్నాడు. సాక్ష్యం ఎదురుగా ఉన్నా కాదనడం వాళ్ల ఊరి అలవాటు. మూడు దుంపలూ తిన్నాడు.

బుధవారం సాయంత్రం ఎండ ఇంకా మెట్లమీదే ఉంది. ఆగస్టులో చీకటి పడాలంటే చాలా పొద్దు పోవాలి. బోర్డు కార్యాలయం మెట్లెక్కుతూ ప్రెండివిల్ ఫోన్‌లో ఏదో చూసి నవ్వుతున్నాడు.

"మన అయిదుగురు కుర్రాళ్లు ఆ వారాంతం స్పెయిన్‌లో ఉంటారు ఫింటన్. ఎవడిదో పెళ్లికి ముందు పార్టీ అంట."

ఫింటన్ ఒక మెట్టు మీద ఆగాడు. "ఏ వారాంతం?"

"ఫైనల్ వారాంతం."

"మరి ఫైనల్ ఎవర్ని పెట్టుకుని ఆడతాం?"

"ఆడం. రాలేమని చెప్పేస్తాం. ఎవడిక్కావాలి జూనియర్ బి? వాళ్లు కూడా ఆడకపోతే చాలు."

ఫింటన్ మిగిలిన మెట్లు మెల్లగా ఎక్కాడు. ఇరవై రెండేళ్లుగా ఈ మనిషి లాంటివాళ్ల తరఫున సంతకాలు పెడుతున్నాడు. షోరూము వాసన, అత్తరు, ఎడమచేతికి పెద్ద గడియారం. కిల్‌డెరిన్ వాళ్లకు కనీసం ఆడాలని ఉంది. ఆ ముక్క మనసులోకి రాగానే పుల్లటి టీ తాగినట్టు మొహం పెట్టాడు.

గదిలో పొడుగు బల్లకు అవతల ముగ్గురు. మధ్యలో మోస్ కూనీ అనే రైతు, విచారణ సంఘానికి పెద్ద. ఇవతల ఒక పక్క నోనీ ఒక్కతే కూర్చుంది. ఒడిలో కార్బన్ పుస్తకం, ఆదివారం వేసుకునే కోటు. వకీలు లేడు, అధ్యక్షుడు లేడు. వాళ్ల అధ్యక్షుడికి అది ఆవుల పాలు పితికే వేళ.

ఫింటన్ అయిదు నిమిషాలు మాట్లాడాడు. ఈ ఆట నడిపే సంస్థకు ఐరిష్ భాష ప్రాణమనీ, తప్పు చిన్నదా పెద్దదా అన్నది కాదనీ, ఈ రోజు దీర్ఘం పోతే రేపు భాషే పోతుందనీ చెప్పాడు. ఎర్ర సున్నాలు చుట్టిన కాగితం బల్లమీద పెట్టాడు. చివర్న గొంతులో పట్టు కొంచెం తగ్గింది. ప్రెండివిల్ ఫోన్‌లోనే ఉన్నాడు.

"నోనీ, నువ్వేమంటావమ్మా?" అన్నాడు కూనీ.

నోనీ లేచి నిలబడింది. "నేను పేరు రాసి, తర్వాత గీత పెడతానండీ. గీత సుతారంగా పెడతాను, పేపరు చిరుగుతుందని. పై కాగితం మీద పడుతుంది. కార్బన్ కింద రెండోదాని మీద పడలేదేమో. మాస్టారికి వెళ్లింది రెండోది. పైది రెఫరీ దగ్గర ఉంది."

రెఫరీ రిపోర్టులోంచి కూనీ పై కాగితం తీశాడు. అద్దాలు ఎత్తి చూశాడు, దింపి చూశాడు. పక్కవాడికిచ్చాడు. వాడు మూడోవాడికిచ్చాడు.

"గీతలైతే ఉన్నాయి," అన్నాడు కూనీ. "అన్నీ ఉన్నాయా, ఉండాల్సిన చోట ఉన్నాయా అంటే... నా ఐరిష్ బడితోనే పోయింది మాస్టారూ. వీళ్లిద్దరిదీ అంతే. ఈ గదిలో చదవగలిగింది మీరొక్కరే. మీరే చూసి చెప్పండి. మీ మాటే ఖాయం చేస్తాం."

ఐరిష్ పేర్ల తగవు తీర్చడానికి ఐరిష్ రానివాళ్లు ముగ్గురు! ఫింటన్ ఎర్ర పెన్ను తీసి కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

మొదటి పేరు గోలీది. దానిమీద గీత లేదు.

పెన్ను మూత తీశాడు. ఒక్కటి చాలు. పదకొండు అక్కర్లేదు, ఒక్కటే చాలు. రెండో పేరు చూశాడు. గీత ఉంది. మూడోది. ఉంది. కిందికి దిగుతూ పోయాడు. ఇంటిపేర్ల ముందు ఉండే అక్షరాల మీద కూడా ఉన్నాయి. కింది నుంచి పైకి, కుడివైపుకి, సన్నగా, వెంట్రుకలా. కాసిల్‌రోన్‌లో కాలేజీ చదువులు చదివినవాళ్లు తప్పు రాసే ఒక కష్టమైన పేరుంది పదకొండో నంబరుకు. అది కూడా సరిగ్గా ఉంది. వాన చుక్క పడి సిరా చెదిరిన చోట చెరిపి మళ్లీ రాసింది. గోనె కింద, తడిసిన చేత్తో.

మళ్లీ మొదటి పేరు దగ్గరికి వచ్చాడు. షన్. కమిలిన మచ్చ గుర్తొచ్చింది. బల్ల గుద్దినవాడు గుర్తొచ్చాడు. ఉన్నది ఉన్నట్టే రాశావు.

తల ఎత్తాడు. నోనీ ఆయన వైపు చూడటం లేదు. తన వేలు చూసుకుంటోంది. ప్రెండివిల్ ఫోన్‌లో ఎవరికో నవ్వు బొమ్మ పంపిస్తున్నాడు.

"ఏమంటారు మాస్టారూ? తప్పుందా?"

ఫింటన్ పెన్ను మూత పెట్టాడు. జీవితంలో ఏ పిల్లవాడి పుస్తకంలోనూ ఆయన తప్పును ఒప్పు అనలేదు. ఇప్పుడూ అనదలుచుకోలేదు.

"ఈ కాగితం మీద అబద్ధమైన మాట ఒక్కటీ లేదు," అన్నాడు.

"అంటే సరిగ్గా ఉన్నట్టేగా?"

"నేనన్నది నేనన్నట్టే రాసుకోండి."

కూనీ రాసుకున్నాడు. అభ్యంతరం కొట్టేశారు. మొత్తం పావుగంట పట్టింది.

మెట్లమీద ప్రెండివిల్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "పదకొండన్నావు! పదకొండు పదకొండని మూడు రోజుల నుంచి చెవి కోశావు!"

"స్పెయిన్‌లో ఎండ బాగుంటుందట," అన్నాడు ఫింటన్. "మీరు కూడా వెళ్లండి. వచ్చేనెల సమావేశానికి కొత్త కార్యదర్శిని చూసుకోండి. టైపు కొట్టడం వస్తే చాలు, మీకు అంతకన్నా అక్కర్లేదు." చెయ్యి విడిపించుకుని, పట్టుకున్న చోట కోటు దులుపుకున్నాడు.

కిందికి వచ్చేసరికి సన్నగా తుంపర మొదలైంది. ఎండా ఉంది, తుంపరా ఉంది. నోనీ వ్యాను పక్కన నిలబడి ఉంది. ఆయన కోసమేనని తెలుస్తూనే ఉంది. తల తిప్పుకుని తన కారు వైపు నడిచాడు.

"మాస్టారూ."

ఆగాడు.

"మొదటి పేరు చూశారా?"

"నాకు కళ్లు కనపడతాయి."

"నిన్న మీరు ముసలి అన్నారుగా, రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది నాకు. ఆ పేరు రాస్తుంటే ఎవడో బూటు తాడు తెగిందని కేకేశాడు. లేచి వెళ్లాను. తిరిగొచ్చి రెండో పేరు నుంచి మొదలుపెట్టాను. ఇందాక కూనీ నన్నడిగి ఉంటే చెప్పేసేదాన్ని. ఒట్టు."

"అడగలేదుగా."

"లేదు."

"అయితే నోరు మూసుకో." వానలో నిలబడి ఆమెను ఎగాదిగా చూశాడు. ముప్పై అయిదేళ్ల కిందట మూడో బెంచీ మీద కూర్చున్న పిల్ల. "ఇన్నేళ్లయినా గీత పెట్టడం రాలేదు నీకు. ఈగ కాలుతో గీసినట్టు పెడితే కార్బన్‌లో పడుతుందా? పుస్తకం తే."

ఆమె పుస్తకం బానెట్ మీద పెట్టింది. ఫైనల్‌కి ఇంకా పది రోజులుంది. అయినా కొత్త పేజీ తీసి, మొదటి వరుసలో గోలీ పేరు రాసింది. గీత పెట్టింది. ఫింటన్ పై కాగితం ఎత్తి రెండోది చూశాడు, అదెత్తి మూడోది చూశాడు.

"లేదు. నొక్కు."

ఆమె నొక్కింది.

"ఇంకా."

"చిరుగుతుంది మాస్టారూ."

"ఇలా ఇవ్వు." ఆయన పెన్ను లాక్కుని, కింది నుంచి పైకి, కుడివైపుకి, నలభై ఏళ్ల బలమంతా పెట్టి గీశాడు. కాగితం పర్రుమని చిరిగింది. కింద ఉన్న రెండూ కూడా చిరిగాయి.

నోనీ పెదవి కొరుక్కుంది, సున్నం బండి తోసేటప్పటిలా.

"నాసిరకం కాగితం," అన్నాడు ఫింటన్. "ఇంకో పేజీ తియ్యి. నిదానంగా రాయి, నేను చూస్తాను."

ఆమె కొత్త పేజీ తిప్పింది. తుంపర పెద్దదయింది. ఆయన గొడుగు విప్పాడు. కాగితం తడిస్తే సిరా పాకుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. అందుకని గొడుగు మొత్తం అటువైపుకే వంచి పట్టుకున్నాడు. తన వీపు పూర్తిగా తడిసిపోయింది.